గ్రాంట్ ఇచ్చేటోళ్లకు కూడా స్టార్లు ఇయ్యాలె కదా: మా నల్లగొండ సంఘానికొచ్చిన చిన్న ఫండ్ రివ్యూ

బిర్యానీకి స్టార్లిస్తం, ఏసీ బస్సుకిస్తం, మరి దాతలకెందుకియ్యొద్దు అని ఇది రాస్తున్న. ఫండ్ పేరు మాత్రం చెప్తలేను, వచ్చేసారి మళ్ల అప్లై చేసేదున్నది మరి. 5కు 3.5 ఇస్తున్న.

మాది ట్రాన్స్ అక్కలు, కోతీలు (మొగ పుట్టుకైనా ఆడతనంతోని ఉండేటోళ్లు), ఇంట్ల చెప్పుకోలేని కొందరు పోరలు కలిసి నడుపుకునే చిన్న సంఘం, రిజిస్ట్రేషన్ ఉన్నది, గడియారం సెంటర్‌కు నడిచి పోయేంత దూరంల ఒక రూమున్నది, అంతే. బీకాం చదివినవ్ కదా అని లెక్కలు నా నెత్తిన పెట్టిండ్రు.

ముందుగాల మంచి చెప్త. ఈ ఫండోళ్లు అప్లికేషన్ తెలుగుల తీసుకున్నరు, అది గుడ రాసుడు రానోళ్లు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పెడితె సరిపోతదన్నరు. మా గురువమ్మ, అంటె మా ట్రాన్స్ అక్కలకు పెద్దదిక్కు, అప్పటిదాక ఏ ఫారం మీద వేలిముద్ర తప్ప పెట్టలేదు, ఆమెనే ఫోన్ల మాట్లాడి మాకు ఏం కావాల్నో మొత్తం చెప్పింది. ఇంకోటి, పైసలు దేనికి ఖర్చు పెట్టుకుంటరో మీ ఇష్టం అన్నరు. వేరే దగ్గర అడిగితె ట్రైనింగ్‌కిస్తం, కుట్టు మిషన్లకిస్తం, రూమ్ కిరాయికియ్యం అంటరు. అరె, రూము లేకపోతె ఆ మిషన్లు ఎక్కడ పెట్టాలె? మాకు అసలు ఖర్చు కిరాయి, జిరాక్సులు, ఆటో చార్జీలు, రాత్రిపూట పోలీస్ స్టేషన్ నుంచి ఎవరన్న ఫోన్ చేస్తె వకీలు సాబ్ ఫీజు. హక్కుల పనంటె బయటికి పెద్దగ కనవడతది గని లోపల మొత్తం ఇదే.

ఉదాహరణకు నిజాం కాలం నాటి చట్టం ఒకటుండె, తెలంగాణ యూనక్స్ (హిజ్రాల) యాక్ట్, 1919ది. ఆడ బట్టలల్ల బజార్ల కనవడితె వారంటు లేకుండ పట్టుకపోవచ్చు, పోలీసోళ్ల దగ్గర మా పేర్ల రిజిస్టర్ ఉంటది, గసొంటి చట్టం. ట్రాన్స్ హక్కుల కోసం కొట్లాడే వైజయంతి వసంత మొగ్లి అక్క పిటిషన్ మీద హైకోర్టు 2023 జులైల దాన్ని కొట్టేసింది, ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛన్ ఇయ్యాలన్నది. మంచిదే, గని తీర్పు దానంతట అది నల్లగొండకు నడిచి రాదు కదా. తీర్పు సంగతి అందరికి చెప్పాలె, టీజీ కార్డు (ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు) కోసం సర్కారు పోర్టల్ల అప్లికేషన్ ఎక్కియ్యాలె, అఫిడవిట్ చేపియ్యాలె, కలెక్టరేట్ చుట్టు తిరగాలె. ఆ తిరుగుడుకు పైసలిచ్చింది ఈ ఫండే, అందుకే 3 స్టార్లు ఖాయం.

ఇగ స్టార్లు ఎక్కడ కోసిన్నో చెప్త. రెండో కిస్తీ లేటు జేసిండ్రు, కిరాయి ఆయన ముంగట మొఖం దాచుకోవాల్సొచ్చింది. ఫొటోలు పంపుండ్రి అని ఊకె అడుగుతరు, మొఖాలు కనవడాలె అంటరు, అరె ఇంట్ల తెలిస్తె ఎల్లగొడతరని సంఘానికొచ్చిన పోరని ఫొటో మీ రిపోర్టుల ఎట్ల ఏస్కుంటరు సారూ? ఆఖరికి వెనుకనుంచి తీసి పంపినం. అన్నిటికంటె పెద్దది, ఏడాదికే ఇస్తరు. పింఛన్ ఫైలు కదిలేదానికే ఏడాది సరిపోదు.

చానమంది అడుగుతరు, విదేశాలల్ల మస్తు పైసలిస్తరు కదా, మీకు రావా అని. ఇస్తరు నిజమే. న్యూయార్క్‌ల అస్ట్రాయా అని ఒక ఫండ్ 1977 నుంచి ఉన్నది, ఇంటర్నేషనల్ ట్రాన్స్ ఫండ్ల ఎవరికియ్యాల్నో ట్రాన్స్ యాక్టివిస్టుల ప్యానెలే చూస్తది, నైరోబీల ఉహాయ్ అని ఇంకో ఫండ్ 2009ల పెట్టిండ్రు, ఆడ గుడ నిర్ణయం యాక్టివిస్టులదే. 2019, 2020 రెండేళ్లకు కలిపి ప్రపంచం మొత్తంల ట్రాన్స్, గే, లెస్బియన్ అసొంటోళ్ల పనికి 57 కోట్ల డాలర్ల పైన వచ్చినయంట. అండ్లకెళ్లి మా అసొంటోళ్లకు రావాలంటె ఎఫ్‌సీఆర్‌ఏ అంటె విదేశీ పైసలు తీసుకునేదానికి కేంద్రమిచ్చే పర్మిషన్ ఉండాలె, అది కావాలంటె సంఘం పెట్టి మూడేండ్లు గావాలె, ఆ మూడేండ్లల్ల 15 లక్షలు ఖర్చు పెట్టినట్టు చూపియ్యాలె. మాకు 15 లక్షలుంటె మిమ్మల్నెందుకు అడుగుతం? ఇదివరకు హైదరాబాద్‌ల పెద్ద ఎన్జీవో తీసుకొని చిన్నోళ్లకు పంచేది, 2020ల చట్టం మార్చి అది గుడ బంద్ వెట్టిండ్రు. అందుకే ఈ లోకల్ ఫండ్లే దిక్కు మాకు.

విదేశీ పైసల మీదనే ఉంటె ఏమైతదో గుడ చూసినం. నారాయణగూడల మిత్ర్ క్లినిక్ 2021ల పెట్టిండ్రు, దేశంలనే మొదటి ట్రాన్స్ క్లినిక్, అమెరికా సర్కారు పైసలతోని నడిచేది, డాక్టర్ల కాడికెళ్లి ఆడ పనిచేసేటోళ్లల్ల ఎక్కువ మంది మనోళ్లే. హార్మోన్ల డాక్టర్ కోసం మా దిక్కునుంచి గుడ పోయేటోళ్లు. 2025 జనవరిల ట్రంప్ విదేశీ సాయం ఆపిండు, దాంతోని తాళం పడ్డది. తర్వాత టాటా ట్రస్ట్స్ ముందుకొస్తె సబ్‌రంగ్ అని పేరు మార్చి మళ్ల తెరిచిండ్రు, బతికినం. దాత ఒక్కడే ఉంటె ఒక్క సంతకంతోని అయిపోతది కథ, అందుకే మేము గుడ నెలకు వందో రెండొందలో ఇచ్చేటోళ్లను ఊర్లనే వెతుకుతున్నం, ఒక మెడికల్ షాపాయన, ఇద్దరు టీచర్లు దొరికిండ్రు.

పాలమూరు, వనపర్తి, సూర్యాపేట దిక్కు సంఘాలోళ్లు ఎవరన్న అసొంటి ఫండ్‌కు అప్లై చేస్తాంటె ముందుగాల సంఘం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆడిట్ కాయితాలు రెడీగ పెట్టుకోండ్రి. ఆటో చార్జీలకు గుడ ఓచర్ రాసుకోండ్రి, ఆఖరుకు అవే అడుగుతరు. ఫొటోల సంగతి మాత్రం సంతకం పెట్టకముందే మాట్లాడుకోండ్రి.