గాలి వంచుతోందా, భూమే వంగి ఉందా?

పాలిటెక్నిక్‌లో సర్వేయింగ్ చెప్పి పదవీ విరమణ చేసినా, గుంటూరు బ్రాడీపేట టీ బడ్డీ దగ్గర నాకు పాఠాలు తప్పడం లేదు. ఈ మధ్య నలుగురు ఒకే ప్రశ్న వేశారు. "మాస్టారూ, సముద్రంలో దూరం వెళ్ళే పడవకు ముందు అడుగుభాగం మాయమవుతుంది కదా. అది భూమి గుండ్రంగా ఉన్నందుకు కాదట, గాలిలో వక్రీభవనం, అంటే కాంతి వంగడం వల్లనట. నిజమేనా?" అందరూ ఫోనులో వీడియోలు చూసి వచ్చినవారే. వారిలో ఒకడు నా పాత విద్యార్థి. ఆ అనుమానం వాడికి వచ్చినందుకు నాకే చిన్నతనంగా అనిపించింది, సర్వేయింగ్‌లో వాడికి మార్కులు వేసింది నేనే కాబట్టి.

వాదనలు రెండు. భూమి వంగి ఉంది, గాలి ఆ వంపును కాస్త తగ్గించి చూపుతుంది అనేది ఒకటి. భూమి బల్లపరుపు, వంపు గాలి చేసే మాయ అనేది రెండోది. వక్రీభవనాన్ని రెండు పక్షాలూ ఒప్పుకుంటున్నాయి కనుక, అది ఉందని రుజువు చేసి ఎవరూ గెలవలేరు. ఎంత వంగుతుంది అనే లెక్కకు అందరూ ఎగబడతారు. నేను మాత్రం ముందు ఎటు వంగుతుందో అడుగుతాను. సగం తగువు అక్కడే తీరిపోతుంది.

కాంతి సాంద్రత ఎక్కువ ఉన్న వైపుకు వంగుతుంది. గాలి నేల దగ్గర చిక్కగా, పైకి వెళ్ళేకొద్దీ పలుచగా ఉంటుంది. అందువల్ల దూరం నుంచి వచ్చే కిరణం మామూలు రోజుల్లో కిందికే వంగుతుంది, అంటే భూమి వంగిన వైపుకే. ఫలితంగా దూరపు వస్తువులు ఉన్నచోటు కంటే కాస్త పైకి లేచి కనిపిస్తాయి. సూర్యలంక తీరంలో ఉదయం సూర్యబింబం అడుగు అంచు నీటిని తాకుతూ కనిపించే క్షణంలో, లెక్క ప్రకారం బింబం మొత్తం ఇంకా దిగంతం కిందే ఉంటుంది. అక్కడ వక్రీభవనం సుమారు 34 కళలు (కళ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు), బింబం వెడల్పు సుమారు 32 కళలు. గాలి సూర్యుణ్ణి పైకెత్తి చూపుతోంది, ముంచడం లేదు.

అదే తీరంలో నీటి అంచున నిలబడదాం. కన్ను 1.6 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, గాలి లేకపోతే దిగంతం 4.5 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, 10 కిలోమీటర్ల అవతలి పడవలో అడుగున 2.4 మీటర్ల మేర మరుగున పడాలి. మామూలు వక్రీభవనాన్ని కలిపితే మరుగుపడేది సుమారు 1.8 మీటర్లు. అంటే గాలి అరమీటరుకు పైగా పడవను మనకు తిరిగి చూపిస్తోంది. పడవను దాచింది గాలే అనడం, దొంగను పట్టించినవాడి మీదే కేసు పెట్టడం లాంటిది.

పైకి వంగే కాంతి లేదా అంటే, ఉంది. మనవాళ్ళకు దాన్ని కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. రోహిణి కార్తెలో విజయవాడ వెళ్ళే జాతీయ రహదారి మీద మధ్యాహ్నం నీళ్ళు నిలిచినట్టు కనిపించేది అదే, ఎండమావి. తారు కాలిపోతుంటే దాన్ని ఆనుకున్న గాలి పలుచబడి, కిరణం పైకి వంగుతుంది. రెండో వాదన నిలవాలంటే ప్రపంచమంతటా, అన్ని కాలాల్లో, అన్ని వేళల్లో ఈ ఎండమావే ఉండాలి. బల్లపరుపు నేలను సరిగ్గా మన భూమంత వంపుతో చూపించాలంటే ఎత్తు పెరిగేకొద్దీ మీటరుకు సుమారు 0.2 డిగ్రీల చొప్పున చల్లబడుతూ పోవాలి. అంతకు చాలా ముందే, మీటరుకు 0.034 డిగ్రీలు దాటగానే, కింద పలుచని గాలి, పైన బరువైన గాలి అవుతుంది. అది నిలవదు, పొయ్యి మీది ఎసరులా తిరగబడుతుంది. అందుకే ఎండమావి నేలబారున ఒక పలుచని పొరకే పరిమితం.

"పడవకు నీటి మీద పది మీటర్ల పొర చాలు కదా" అన్నాడు మా వాడు, ఆ పాత విద్యార్థి. చాలు. కానీ ఎవరెస్టుకు చాలదు. 1802లో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వే, 1849-50లో ఆ శిఖరాన్ని 170 కిలోమీటర్లకు పైబడిన దూరం నుంచి కొలిచింది. అంత దూరంలో భూమి వంపు వల్ల కొలతకు కలపాల్సిన ఎత్తే (వంపు సవరణ) రెండు కిలోమీటర్లు దాటుతుంది. వక్రీభవన సవరణ అందులో కొద్ది భాగం, అదీ ఎదురు దిశలో. రాధానాథ్ సిక్దార్ బృందం లెక్క కట్టగా 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. ఇప్పటి కొలత 8,848.86 మీటర్లు, అంటే తేడా 30 అడుగులు. ఆ రెండు కిలోమీటర్లూ ఎండమావే అయితే, మీటరుకు 0.2 డిగ్రీల లెక్క కొండల ఎత్తు దాకా సాగాలి. తిరుపతికి తిరుమలకు ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. కింద 40 డిగ్రీలుంటే కొండ మీద సున్నాకు 100 డిగ్రీలు దిగువన ఉండాలి. మెట్లదారిలో నడిచినవారు చెప్పాలి.

అలాగని ఒక్క పడవ ఫొటో చూపించి గెలిచామనుకునే గుండ్రటి పక్షంవారిని కూడా నేను మెచ్చుకోను. చల్లని నీటి మీద వెచ్చని గాలి పరుచుకుంటే, ఎత్తుతో మీటరుకు 0.13 డిగ్రీల చొప్పున వేడి పెరిగినా చాలు, కిరణం భూమితో సమానంగా వంగుతుంది. అప్పుడు గుండ్రని భూమే బల్లపరుపుగా కనిపిస్తుంది. 1838లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్ కాలువలో, భూమి బల్లపరుపని వాదించిన రోబోథమ్ నీటికి 8 అంగుళాల ఎత్తున కన్ను పెట్టి, 6 మైళ్ళ దూరం వరకు పడవ కనిపించిందన్నాడు. అబద్ధమనక్కరలేదు, నీటిని ఆనుకుని చూస్తే అలా జరగవచ్చు. 1870లో, అంతకుముందు సర్వేయర్‌గా పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్, డార్విన్‌తో పాటు పరిణామవాదం చెప్పిన ఆయనే, అదే కాలువలో చూపురేఖను 13 అడుగుల పైకి లేపి చూశాడు. నీటికి ఒకే ఎత్తున ఉన్న గుర్తుల్లో మధ్యది ఎత్తుగా కనిపించింది. 500 పౌండ్ల పందెం గెలిచి, ఓడినవాడి తిట్లతో, కోర్టులతో ఏళ్ళ తరబడి అవస్థ పడ్డాడు.

మా పాఠంలో ఇదంతా మూడు సంఖ్యలు. వంపు సవరణ 0.0785, దూరం కిలోమీటర్లలో తీసుకుని వర్గం చేసి దీనితో హెచ్చవేస్తే మీటర్లు వస్తాయి. వక్రీభవనం అందులో ఏడో వంతు, 0.0112. రెండూ కలిపితే 0.0673. కలిపితే అంటున్నాను కానీ, జరిగేది తీసివేత. ఆ తీసివేత గుర్తు మీదే నా తీర్పు.

దూరం పెరిగితే చిన్నదిగా కనిపించడమే కారణం అనే మూడో వాదన ఉంది. చిన్నదైతే దుర్భిణిలో అడుగుభాగం తిరిగి రావాలి, రాదు. అలలు దాస్తాయనేవారు గట్టు ఎక్కి చూడవచ్చు. నక్షత్రాలంటారా, అగస్త్య నక్షత్రం విజయవాడలో సుమారు 21 డిగ్రీల ఎత్తుకు వస్తుంది, ఢిల్లీలో 9 దాటదు. అక్కడ వక్రీభవనం డిగ్రీలో పదో వంతు, 12 డిగ్రీల తేడాను అది తేలేదు.

ప్రకాశం బ్యారేజీ మీద కొలుద్దామా అని అడిగారు. దాని 1,223.5 మీటర్ల పొడవుకు వచ్చే వంపు 12 సెంటీమీటర్లే. బారెడు పొద్దెక్కాక కృష్ణ మీద ఆడే గాలికి అది ఏ మూలకు? మా వాడు వచ్చే ఆదివారం బాపట్ల రైలెక్కి సూర్యలంక వెళతానన్నాడు. నా దుర్భిణి ఇచ్చాను. పొద్దున్నే వద్దు, మధ్యాహ్నం దాటాక చూడమన్నాను. పాత సర్వేయర్లు నిలువు కోణాలు చదివింది ఆ వేళలోనే. నీటి అంచున ఒకసారి, ఎత్తయిన చోటు ఎక్కి ఒకసారి, రెండు చోట్లా కంటి ఎత్తు టేపుతో కొలిచి రాసుకోమన్నాను. టేపు మాత్రం వాడే కొనుక్కోవాలి.