వరంగల్ నిట్: చదువు, ఆట, సందడి మూడూ కావాలంటే

1959లో ఆర్ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ)గా మొదలై, 2002లో నిట్‌గా మారిన ఈ క్యాంపస్‌ను, చదువుతోపాటు మిగతా రెండూ వదులుకోలేని పిల్లలకు ధైర్యంగా సూచిస్తాం. హాస్టళ్లు, క్లాసులు, మైదానం ఒకే ఆవరణలో ఉన్నాయి. ప్రయాణంలో పోయే గంట ఆటకు మిగలడమంటే చిన్న విషయం కాదు. కాజీపేట జంక్షన్ కూడా దగ్గరే. సందడికి సాంస్కృతిక ఉత్సవం స్ప్రింగ్‌స్ప్రీ, సాంకేతిక ఉత్సవం టెక్నోజియాన్ ఉన్నాయి.

అయితే ఆటలో ప్రతిభ చూపి ఇక్కడ సీటు తెచ్చుకోవచ్చనుకోకండి, జేఈఈ మెయిన్ ర్యాంకే ఆధారం. క్రీడాకారులకు విడిగా సీట్లు కావాలంటే 2024-25లో ఆ దారి తెరిచిన ఐఐటీ మద్రాస్‌ను చూడండి. అక్కడా జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కాల్సిందే.

చాలామంది దెబ్బతినేది స్థానికత దగ్గర. సగం సీట్లు సొంత రాష్ట్రానివే కానీ, దాన్ని తేల్చేది ఇంటి చిరునామా కాదు, ఇంటర్ ఎక్కడ రాశారన్నది. ఖమ్మం అమ్మాయి విజయవాడలో ఇంటర్ చదివితే ఆమెకు సొంత రాష్ట్రపు నిట్ తాడేపల్లిగూడెందే.

ఐఐటీ, నిట్ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో వరంగల్ సీటు వచ్చి, మెరుగైన బ్రాంచి మాత్రమే కావాలంటే ‘స్లైడ్’ పెట్టండి. ‘ఫ్లోట్’ పెడితే జాబితాలో పైనున్న వేరే కాలేజీకి మారిపోవచ్చు, అప్పుడు పాత సీటు తిరిగి రాదు.

చేరేముందు సీనియర్‌ను ఒకటే అడగండి: మీ బ్రాంచిలో సాయంత్రం ల్యాబులు ఎన్నింటికి ముగుస్తాయి? ఆట ప్రాక్టీసు సాగేదీ ఆగేదీ అక్కడే.