ఎం మౌంట్ అడాప్టర్లు: ఇన్ఫినిటీ ఫోకస్ నిజంగా అందుతుందా?

లైకా ఎం మౌంట్ (లెన్స్‌ను కెమెరాకు బిగించే అమరిక) రేంజ్‌ఫైండర్ లెన్సులను, అడాప్టర్ అనే జోడింపు వలయం మధ్యలో పెట్టి, సోనీ ఈ మౌంట్ మిర్రర్‌లెస్ కెమెరాకు తగిలించి చాలాకాలంగా వాడుతున్నాను. నా దగ్గరున్న మూడు అడాప్టర్లూ ఇన్ఫినిటీ ఫోకస్ (అతి దూరపు దృశ్యం కూడా స్పష్టంగా రావడం) అందుతుందన్న హామీతోనే వచ్చాయి. అయితే ఆ హామీ నిలబడేదీ లేనిదీ అడాప్టర్ ఒక్కదాన్ని చూసి చెప్పలేము, దానికి ఏ ఫోకల్ లెంగ్త్ లెన్స్ తగిలిస్తున్నామో కూడా చూడాలి.

1954లో లైకా ఎం3తో వచ్చిన ఎం మౌంట్‌లో లెన్స్ ఆనుకునే అంచు నుంచి ఫిల్మ్ వరకు దూరం 27.80 మి.మీ.; సోనీ ఈ మౌంట్‌లో సెన్సర్ వరకు 18 మి.మీ. కనుక అడాప్టర్ మందం 9.80 మి.మీ. ఉండాలి. మందం ఎక్కువైతే లెన్స్ ఫోకస్ రింగును చివరిదాకా తిప్పినా దూరపు దృశ్యం స్పష్టపడదు; తక్కువైతే ఇన్ఫినిటీ గుర్తు ఇంకా రాకముందే స్పష్టపడి, ఆ తర్వాత మళ్లీ మసకబారుతుంది. రెండింటిలో మొదటిదే పెద్ద లోపం కాబట్టి తయారీదారులు తరచుగా మందాన్ని కావాలనే వెంట్రుకవాసి తగ్గిస్తారు.

నా అడాప్టర్లలో చవకైనది మైక్రోమీటర్‌తో కొలిస్తే 9.70 మి.మీ. వచ్చింది. ఆ 0.1 మి.మీ. లోటు వల్ల 90 మి.మీ. లెన్స్‌లో దాదాపు 80 మీటర్ల స్థానం దగ్గరే ఇన్ఫినిటీ వస్తుంది, అంటే వాడేవారికి తేడా తెలియదు. 50 మి.మీ. లెన్స్‌లో అది 25 మీటర్లకు, 28 మి.మీ. లెన్స్‌లో సుమారు 8 మీటర్లకు దిగుతుంది. ఫోకల్ లెంగ్త్ వర్గాన్ని లోటుతో భాగిస్తే వచ్చే దూరాలివి. ఒకే అడాప్టర్‌ను ఒకరు మెచ్చుకుని మరొకరు తిట్టిపోయడం వెనుక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే. స్కేలు చూసి ఫోకస్ పెట్టుకునే అలవాటున్నవారికి మాత్రం వైడ్ లెన్స్ మీది అంకెలు ఇక అక్కరకు రావు.

నా 28 మి.మీ. లెన్స్‌లో ఫ్లోటింగ్ ఎలిమెంట్లు (ఫోకస్ దూరాన్ని బట్టి విడిగా జరిగే లోపలి గాజులు) ఉండటంతో చిక్కు మరింత పెరిగింది. దూరపు కొండను స్పష్టం చేసినప్పుడు లోపలి గాజులు 8 మీటర్ల దూరానికి తగిన స్థానంలో ఉంటాయి; మధ్యభాగం బాగానే ఉన్నా అంచులు అలికినట్టు వచ్చేవి. అడాప్టర్ స్క్రూలు విప్పి, మౌంట్ పళ్లెం కింద 0.08 మి.మీ. ఇత్తడి రేకును వలయంగా కత్తిరించి పెట్టాక ఇన్ఫినిటీ గుర్తుకు బాగా దగ్గరైంది, అంచులూ కొంత కోలుకున్నాయి. పూర్తిగా కోలుకోకపోవడానికి అడాప్టర్‌ను తప్పుపట్టలేము. సెన్సర్ ముందుండే గాజు ఈ కెమెరాలో లైకా డిజిటల్ ఎం కెమెరాల కంటే మందం. ఏటవాలుగా వచ్చే కిరణాలను అది పక్కదారి పట్టిస్తుంది. ఆ లోపాన్ని ఏ రేకూ సరిచేయదు.

పరీక్షకు పగటి దృశ్యాల కంటే రాత్రి నక్షత్రాలనే నమ్ముతాను, ఎందుకంటే ఎండవేళ దూరపు గోపురం అంచు వేడిగాలికి అలలాడుతూ కంటిని మోసగిస్తుంది. కెమెరాను ట్రైపాడ్‌పై బిగించి, అపర్చర్ పూర్తిగా తెరిచి, తెరపై బొమ్మను గరిష్ఠంగా పెద్దది చేసి, చుక్క అతిచిన్నదిగా మారేచోట రింగును ఆపుతాను. ఫోకస్ పీకింగ్‌ను (స్పష్టమైన అంచులను తెరపై రంగుతో చూపే సదుపాయం) ఆపేయడం మంచిది. అది ఇంకా కుదరని చోట కూడా అంచులకు రంగు పూస్తుంది. అదే చుక్కను ఫ్రేమ్ ఎడమ, కుడి అంచులకు తెచ్చి రెండు వైపులా పోల్చితే అడాప్టర్ వంకర కూడా బయటపడుతుంది.

ఖరీదైన రెండో అడాప్టర్ 9.78 మి.మీ. ఉంది, చుట్టూ ఎక్కడ కొలిచినా తేడా లేదు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు, అదే దాని గొప్ప. మూడోది దగ్గరి వస్తువుల కోసం ముందుకు సాగే హెలికాయిడ్ రకం. పూర్తిగా ముడిచినా 9.83 మి.మీ. ఉంటుంది కనుక 28 మి.మీ. లెన్స్ సుమారు 26 మీటర్లు దాటి స్పష్టంగా చూడలేదు. పైగా బరువైన లెన్స్ తగిలిస్తే లొటలొటలాడుతుంది. దాన్ని 50 మి.మీ. లెన్స్‌తో పూలు, పురుగుల చిత్రాలకే ఉంచుకున్నాను. 28 మి.మీ. లెన్స్‌కు రెండో అడాప్టర్ శాశ్వతంగా అతుక్కుపోయింది; రేకు పెట్టిన చవకది 90 మి.మీ. లెన్స్‌కు ఏ లోటూ రానివ్వడం లేదు.