గాల్వెస్టన్ పాత పటాలు, బరంపురం ప్లాటర్ ప్రింటు: ఏది తీయించాలి, ఏది వద్దు

బరంపురంలో ప్లాటర్ (పెద్ద కాగితాల ప్రింటరు) ఉన్న ఒక ప్రింటింగు దుకాణం పాత పట్టణాల పటాలు అసలు సైజులో తీసి ఇస్తోంది. ఫైలు మనం తీసుకెళ్ళొచ్చు, లేదా వాళ్ళ దగ్గరున్న సెట్లలో ఒకటి ఎంచుకోవచ్చు. ఇక్కడ చూస్తున్నది టెక్సస్ తీరంలోని గాల్వెస్టన్ సెట్టు. నాలుగు షీట్లు: 1871 నాటి విహంగ చిత్రం (పక్షి చూపులో గీసిన ఊరి బొమ్మ) ఒకటి, శాన్‌బోర్న్ కంపెనీ అగ్నిబీమా పటాలు మూడు. ఆ మూడింట్లో రెండు 1899వి, ఒకటి 1912ది. ఏ1 కాగితం మీద సెట్టు 900 రూపాయలు, లామినేషన్ వేరు.

ముందే చెప్పేస్తాం. శాన్‌బోర్న్ షీట్లు మూడూ డబ్బు పెట్టి కొనదగ్గవి. విహంగ చిత్రం గోడకి అందమే గాని కొలతకి పనికిరాదు, అది స్కేలు ప్రకారం గీసింది కాదు. సెట్టుతో ఊరికే ఇచ్చే తెలుగు శీర్షికల పట్టీ మాత్రం వద్దనే చెప్పండి. కారణం కింద ఉంది.

శాన్‌బోర్న్ పటాలంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇంటికి అగ్నిబీమా ఇవ్వాలంటే అది ఇటుకదా చెక్కదా, పక్కింటికి ఎంత దూరం, పైకప్పు దేనిది అని కంపెనీకి తెలియాలి. ప్రతిసారీ మనిషిని పంపకుండా ఊరి ఊరంతా ఇల్లిల్లూ కొలిచి పటం గీసి అమ్మే ఈ కంపెనీ వ్యాపారం 1867లో మొదలైంది. మామూలు షీటు 21 అంగుళాలకి 25. స్కేలు అంగుళానికి 50 అడుగులు, అంటే 1:600. గులాబీ రంగు ఇటుక, పసుపు చెక్క, నీలం రాయి. ఇంటి మీద డి అక్షరం ఉంటే నివాసం, ఎస్ ఉంటే దుకాణం. మూల దగ్గర చిన్న ఇంటూ గుర్తుంటే చెక్క పెంకుల కప్పు, సున్న ఉంటే పలకో రేకో. బీమా గుమాస్తా కోసం గీసిన కాగితం ఊరి చరిత్రకారుడికి ఇంత పనికొస్తుందని అప్పట్లో ఎవరూ అనుకుని ఉండరు.

ఇక ప్రింటు. ఈ షీట్లు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం (లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్) సైటులో ఉచితంగా దొరుకుతాయి. 21 x 25 అంగుళాలు 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) రావాలంటే 6,300 x 7,500 పిక్సెళ్ళు కావాలి. కుదించకుండా టిఫ్‌గా ఉంచితే అది సుమారు 140 ఎంబీ. సైటులో జేపీజీ, జేపీ2, టిఫ్ మూడూ కనిపిస్తాయి. జేపీ2 చాలా దుకాణాల కంప్యూటర్లలో తెరుచుకోదు కాబట్టి టిఫ్ దించుకుని పెన్‌డ్రైవులో ఇవ్వండి. వాట్సాప్‌లో ఫోటోలా పంపితే అక్షరాలు అలికినట్టవుతాయి. తప్పదంటే డాక్యుమెంటుగా పంపండి.

అసలు చిక్కు కౌంటరు దగ్గర వస్తుంది. ఆపరేటరు చేతికి అలవాటైన మొదటి పని “ఫిట్ టు పేజీ”. 21 అంగుళాల షీటు ఏ2 మీద పట్టాలంటే 79 శాతానికి కుదించాలి. అప్పుడు అంగుళానికి 50 అడుగులు కాస్తా 64 అవుతుంది. ఏ3 అయితే 56 శాతం, అంగుళానికి 90 అడుగులు. అసలులో 2 మిల్లీమీటర్లున్న అక్షరం మిల్లీమీటరుకు కాస్త పైన మిగులుతుంది, భూతద్దం లేనిదే కనపడదు. ఏ1 కాగితం వెడల్పు 23.4 అంగుళాలు, పొడవు 33.1. షీటు కుదించకుండా పడుతుంది, చుట్టూ అంచు మిగులుతుంది. కుర్రాళ్ళకి తెలుగూ ఒడియా రెండూ వచ్చు గాని, ఏ భాషలోనైనా అడగాల్సిన మాట ఒకటే: “యాక్చువల్ సైజ్, హండ్రెడ్ పర్సెంట్”. స్క్రీను మీద ఆ గడిలో 100 కనపడేదాకా అక్కడే నిలబడండి.

వచ్చింది సరైనదో కాదో తేల్చుకోవడానికి గాల్వెస్టన్ అంత సులువైన ఊరు ఇంకోటి ఉండదు. ఆ ఊరు గళ్ళ నోటుబుక్కులా వేసింది. ఒక్కో ప్లాటు 42 అడుగుల 10 అంగుళాల ముఖం, 120 అడుగుల లోతు. వరసకి ఏడు, మధ్యలో 20 అడుగుల సందు, అవతల ఇంకో ఏడు. అంటే బ్లాకు 300 అడుగులకి 260. స్కేలు పెట్టి చూడండి: బ్లాకు పొడవు సరిగ్గా 6 అంగుళాలు, అడ్డం 5.2, సందు 0.4 రావాలి. వీధి వెడల్పు అడుగుల్లో పటం మీదే రాసి ఉంటుంది; 80 అని ఉన్న వీధి 1.6 అంగుళాలు ఉండాలి. దుకాణం సెట్టులో 1899 షీట్లు రెండూ కొలతకి సరిపోయాయి. 1912ది 6కి బదులు 5.8 వచ్చింది, అంటే ఎక్కడో 97 శాతం దగ్గర కుదించారు. చూపిస్తే మాట్లాడకుండా మళ్ళీ తీసిచ్చారు, అదనంగా ఏమీ అడగలేదు. వానాకాలంలో కాగితం తేమ పీల్చి మిల్లీమీటరో రెండో సాగుతుంది, దానికి గొడవ పెట్టుకోకండి.

రంగు విషయంలో మాత్రం గొడవ పెట్టుకోండి. పాత కాగితం పసుపెక్కి ఉంటుంది. ఆపరేటరు “ఆటో కలర్” నొక్కితే కాగితం తెల్లబడుతుంది, దాంతోపాటు చెక్క ఇళ్ళ పసుపూ పోతుంది. ఊరు సగం మాయమైనట్టే. ముందు ఆరంగుళాల ముక్క నమూనాగా తీయించి, గులాబీ, పసుపు పక్కపక్కన ఉన్న చోటు చూడండి. రెండోది సిరా. డై సిరా అయితే ఎండ తగిలేచోట గులాబీ ముందు వెలుస్తుంది. రెండేళ్ళలో ఇటుక మేడ చెక్క ఇల్లయి కూర్చుంటుంది. పిగ్మెంటు సిరా అడగండి, షీటుకి కొంచెం ఎక్కువైనా సరే. ఫ్లెక్సీ మీద తీయించే ఆలోచనే వద్దు, సన్నగీతలు అందులో నిలవవు.

ఇంత శ్రమ దేనికంటే, ఈ షీట్లు కొలతతో ఉంటేనే ఆ ఊరు ఎలా పెరిగిందో నోరు విప్పి చెబుతాయి.

గోపాల్‌పూర్ చూసినవాళ్ళకి మొదట ఒక తికమక వస్తుంది. మనకి రేవంటే సముద్రం వైపే: ఓడ దూరంగా లంగరేస్తే అలల మీదుగా మసులా పడవల్లో సరుకు దింపడం, రంగూన్ ఓడ ఎక్కేవాళ్ళూ అలాగే పడవల్లో వెళ్ళడం. అదే కన్నుతో గాల్వెస్టన్ పటం చూస్తే సముద్రం పక్కన రేవు కనపడదు. గాల్వెస్టన్ దీవి 27 మైళ్ళ పొడవు, మహా అయితే 3 మైళ్ళ వెడల్పున్న ఇసుక పట్టీ. రేవు ఆ పట్టీ వెనక, దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్యనున్న అఖాతం (గాల్వెస్టన్ బే) వైపు. చిలికా పక్కనున్న ఇసుక పట్టీ మీద ఊరు కట్టి, రేవు సరస్సు వైపు పెట్టినట్టు ఊహించుకోండి. పటంలో ఉత్తరం పైన, కాబట్టి పైన రేవులు, కింద సముద్రం. ఆ వెనకవైపు లోతైన నీళ్ళే ఆ ఊరికి పెట్టుబడి. మొగ దగ్గర మేటవేసే ఇసుకే దాని తలనొప్పి. పెద్ద ఓడలు లోపలికి రాలేక బయటే ఆగి సరుకు చిన్న పడవల్లోకి మార్చుకునేవి. 1890ల్లో మొగకి రెండువైపులా రాతి గట్లు సముద్రంలోకి పొడిగించాకే లోతు నిలిచింది.

1899 మొదటి షీటు రేవు పక్కన స్ట్రాండ్ వీధిది. అక్షరాల వీధులు అఖాతానికి సమాంతరంగా సాగుతాయి, అంకెల వీధులు వాటిని అడ్డంగా కోస్తాయి. స్ట్రాండ్ అంటే బి అవెన్యూయే. ఇక్కడ దాదాపు అంతా గులాబీ: కొట్లు, గిడ్డంగులు, బ్యాంకులు, గోడకి గోడ ఆనించి. పత్తి డబ్బుతో లేచిన వీధి ఇది. ఈ షీటును ఒక చేతిలో, దక్షిణం వైపు రెండో 1899 షీటును ఇంకో చేతిలో పట్టుకోండి. దక్షిణానికి వెళ్ళేకొద్దీ గులాబీ పలచబడి పసుపు కమ్మేస్తుంది, డి అక్షరాలు బారులు తీరతాయి. వ్యాపారం ఇటుకలో, కాపురం చెక్కలో. 1885 నవంబరులో 40కి పైగా బ్లాకులు ఎందుకు కాలిపోయాయో ఆ పసుపే చెబుతుంది. ఆ మంటల తర్వాత పలక కప్పులు పెట్టించారు. 1900 తుఫానులో ఆ పలకలే గాలికి లేచి కత్తుల్లా జనం మీద పడ్డాయి.

ఈ షీటు గీసిన మరుసటి ఏడే, 1900 సెప్టెంబరు 8న, ఊళ్ళో ఎత్తైన నేల కూడా సముద్ర మట్టానికి 8.7 అడుగులే ఉన్నచోట 15 అడుగుల ఉప్పెన వచ్చింది. ఊళ్ళో 6,000 నుంచి 8,000 మంది పోయారని లెక్క. 1999, 2013 తుఫానులు చూసిన గంజాం జిల్లావాళ్ళకి అంకెలు చెప్పనక్కర్లేదు గాని, 1899 షీటు కింది అంచు దగ్గర పసుపు గళ్ళ మీద వేలు పెట్టి, తర్వాత 1912 షీటులో అదే చోటు చూడండి. ఇళ్ళు కిక్కిరిసిన చోట ఖాళీలు. వాటికి కింద సముద్రపు గోడ. 1902లో మొదలై 1904 జులైకి మొదటి 3 మైళ్ళు పూర్తయిన గోడ అది: ఎత్తు 17 అడుగులు, అడుగున వెడల్పు 16, పైన 5, సముద్రం వైపు ముఖం లోపలికి వంపు. అల వచ్చి తగిలితే ఆ వంపు దాన్ని పైకి మళ్ళిస్తుంది. ఈ స్కేలులో గోడ అడుగు మందం 8 మిల్లీమీటర్లు. 

ఇక్కడే ఈ సెట్టుకున్న పెద్ద లోపం, అది దుకాణం తప్పు కాదు. పై నుంచి చూసి గీసిన పటంలో ఎత్తు కనపడదు. 1899లోనూ 1912లోనూ అవే గళ్ళు, అవే వీధులు, ఏమీ జరగనట్టే ఉంటుంది. జరిగిందేమిటంటే ఊరి నేలనే పైకి ఎత్తారు. 2,000కి పైగా కట్టడాల్ని జాకీల మీద లేపి, కింద ఇసుక నింపారు. 3,000 టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలతో 5 అడుగులు లేపారు. అన్నీ ఒక్కసారే, ఒకే కొలతలో తిప్పాలి, ఒకటి ముందుకెళితే గోడ బీట వారుతుంది. ఊళ్ళోకి తాత్కాలిక కాలువ తవ్వి, తవ్వోడల్లో (డ్రెడ్జర్లలో) ఇసుక నీళ్ళు తెచ్చి, గొట్టాలతో ఇళ్ళ కిందికి పంపారు. నీళ్ళు జారిపోతే ఇసుక మిగిలేది. ఆ పని సాగినన్నాళ్ళూ జనం చెక్క వంతెనల మీద నడిచారు. ఈ సంగతి ఒక పట్టీ మీద రాసి 1912 షీటు పక్కన అంటించకపోతే చూసేవాళ్ళకి సగమే తెలుస్తుంది.

పట్టీ మనమే రాసుకోవాలి. దుకాణం వాళ్ళు ఇచ్చేదాంట్లో రెండు తప్పులున్నాయి. ఊరు కట్టింది సముద్రపు దొంగ లఫీత్ అని రాశారు. అతను 1817 నుంచి కొన్నేళ్ళు ఆ దీవిలో మకాం పెట్టిన మాట నిజమే, 1821కల్లా వెళ్ళిపోయాడు. ఈ గళ్ళ ఊరికి అతనికీ సంబంధం లేదు. మిషెల్ మెనార్డ్ 1836లో 4,605 ఎకరాలు 50,000 డాలర్లకి కొని, భాగస్వాములతో కంపెనీ పెట్టి, 1838లో ప్లాట్లు అమ్మితే పుట్టిన ఊరిది; మరుసటి ఏడు పురపాలక హోదా వచ్చింది. రెండో తప్పు, గాల్వెస్టన్ ఎప్పుడూ టెక్సస్‌లో పెద్ద ఊరన్నట్టు రాయడం. 1870లో 13,818 మందితో, 1880లో 22,248 మందితో మొదటి స్థానం నిజమే. 1890కి డాలస్ దాటిపోయింది. 1900లో 37,789 ఉన్న జనం 1910కి 36,981కి తగ్గారు. 1914లో హ్యూస్టన్‌కి ఓడల కాలువ తెరిచాక సరుకు అటు మళ్ళింది.

అక్షరాల సంగతి వేరే. దుకాణంలో ఉన్నది కోరెల్ (డిజైను సాఫ్ట్‌వేరు) పాత వెర్షను. యూనికోడ్ తెలుగు అందులోకి అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. ఊరి పేరులోనే ల్వె, స్ట ఉన్నాయి కదా, “గాల్‌వెస్‌టన్” అని మూడు ముక్కలై వస్తుంది. ఇంట్లో టైపు చేసి, అక్షరాలన్నీ ఔట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. అప్పుడు వాళ్ళ మిషను బొమ్మలాగే తీస్తుంది, ఒత్తు జారదు.

లామినేషన్‌కి మ్యాట్, కోల్డ్, రెండు వైపులా. గ్లాసీ వేస్తే ట్యూబులైటు మెరుపులో పసుపు కనపడదు. ఒక వైపే వేడి లామినేషన్ వేస్తే మన తీరపు తేమకి కాగితం చాపలా చుట్టుకుంటుంది. పైనా కిందా చెక్క పట్టీ కొట్టించి వేలాడదీయండి. సన్‌బోర్డు మీద అంటిస్తే ఒక వానాకాలానికి పొట్ట ఉబ్బుతుంది. ప్రింటు మరుసటి రోజే ఇస్తారు, చెక్క పట్టీలకి ఇంకో రెండు రోజులు. తీసుకునేటప్పుడు గుండ్రంగా చుట్టి గొట్టంలో పెట్టమనండి, మడత పెట్టనివ్వకండి. విహంగ చిత్రం వద్దంటే మూడు షీట్లకి 690 తీసుకుంటున్నారు.