హెచ్ఏప్రాక్సీతో ఇన్నేళ్లు: కనెక్షన్ ఎవరు తెంచారో చెప్పే నాలుగు అక్షరాలు

హెచ్ఏప్రాక్సీ అంటే బయటి నుంచి వచ్చే రిక్వెస్టులను అందుకుని వెనకున్న సర్వర్లకు పంచే మధ్యవర్తి ప్రోగ్రామ్. 2018లో దాని 1.8 వెర్షన్‌తో మొదలుపెట్టాను. 2.0, 2.4, 2.8 మీదుగా ఇప్పుడు 3.0లో ఉన్నాను. మా సర్వర్లకు వచ్చే ప్రతి రిక్వెస్టూ హెచ్ఏప్రాక్సీ దాటుకునే లోపలికి వెళ్తుంది. దీని వేగం గురించి చాలామంది చెబుతారు. నాకు నమ్మకం కుదిర్చింది మాత్రం లాగ్‌లో (ప్రతి రిక్వెస్టూ నమోదయ్యే ఫైల్లో) ప్రతి లైన్లోనూ కనిపించే నాలుగు అక్షరాలు.

వాటిలో మొదటిది కనెక్షన్ ఎవరి వల్ల తెగిందో చెబుతుంది. పెద్ద సీ ఉంటే క్లయింట్ తెంచుకుంది, పెద్ద ఎస్ ఉంటే సర్వర్ తెంచింది. అవే చిన్న అక్షరాలైతే ఆ వైపు టైమౌట్, అంటే ఎదురుచూసే గడువు దాటిపోయింది. రెండోది ఏ దశలో తెగిందో చెబుతుంది: హెచ్ అంటే సర్వర్ హెడర్ల (జవాబు మొదట్లో వచ్చే వివరాల) కోసం చూస్తుండగా, డీ అంటే డేటా వెళ్తుండగా. అన్నీ గీతలే ఉంటే మామూలుగా ముగిసినట్టు.

ఒకసారి పేమెంట్ పేజీలో 502 ఎర్రర్ (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని) రావడం మొదలైంది. రోజుకు పదో పదిహేనో, అవీ ఎక్కువగా పోస్ట్ (డేటా పంపే) రిక్వెస్టులే. అప్లికేషన్ లాగ్‌లో ఏమీ లేదు, దానికి అసలు రిక్వెస్టే అందలేదు. మూడు రోజులు టెన్షన్ పడ్డాక ఆ అక్షరాలు చూశాను: అన్నిటికీ ఎస్, హెచ్. అంటే హెడర్లు పంపకముందే సర్వరే తెంచేసింది. మాది నోడ్ (జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపేది) అప్లికేషన్. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ను నోడ్ డిఫాల్ట్‌గా 5 సెకన్లకు మూసేస్తుంది. సరిగ్గా అదే క్షణంలో, అది ఇంకా బతికే ఉందనుకుని ప్రాక్సీ దాని మీద కొత్త రిక్వెస్ట్ పంపుతోంది. తెరిచి ఉన్న పాత కనెక్షన్‌ను ఎప్పుడు మళ్లీ వాడాలో చెప్పే రీయూజ్ సెట్టింగ్‌ను నేనే 'ఆల్వేస్'కి మార్చి ఉన్నాను. డిఫాల్ట్‌గా ఉండే 'సేఫ్' అయితే క్లయింట్ పంపే మొదటి రిక్వెస్టుకు పాత కనెక్షన్ వాడదు. ఆ తేడా మాన్యువల్లో స్పష్టంగా రాసి ఉంది, నేను సరిగా చదవలేదు.

మళ్లీ సేఫ్‌కి మార్చాను, అప్లికేషన్ వైపు 5 సెకన్లను 65 చేశాను. సర్వర్ ఏ జవాబూ ఇవ్వకుండా తెంచితే మళ్లీ ప్రయత్నించే సౌకర్యం 2.0 నుంచి ఉంది. అది గెట్‌లకే (డేటా అడిగే రిక్వెస్టులకే) ఉంచి, పోస్ట్‌లకు ఆపేశాను. ఒకే ఆర్డర్ రెండుసార్లు పడితే ఆ డబ్బు కస్టమర్‌ది.

క్లోజ్ వెయిట్ కనెక్షన్లు పేరుకుపోవడం ఇంకో రకం సమస్య. అవతలివైపు ముగించేసింది, మన ప్రోగ్రామ్ ఇంకా మూయలేదు అని దాని అర్థం. టైమ్ వెయిట్ (మనవైపు మూసేశాక కాసేపు మిగిలే స్థితి) అయితే లినక్స్‌లో 60 సెకన్లకు పోతుంది. క్లోజ్ వెయిట్‌కు ఏ గడువూ లేదు, కాబట్టి తప్పు ఖచ్చితంగా ప్రోగ్రామ్‌లోనే. హెచ్‌టీటీపీ/2 (వెబ్ ప్రోటోకాల్ కొత్త వెర్షన్) కొత్తగా వచ్చిన 1.8 తొలి రోజుల్లో ఇది చాలామందిని వేధించింది, తర్వాతి సవరణల్లో సర్దుకుంది. అప్పుడే కమిట్లు (కోడ్‌లో చేసిన ఒక్కో మార్పూ, దాని వివరణా) చదవడం నాకు అలవాటైంది. ప్రతి బగ్ సవరణకూ ముందు దాని తీవ్రత, ఏ భాగానిదో ఉంటాయి. బగ్ ఎలా పుట్టింది, ఏ పాత వెర్షన్ల దాకా సవరణ వెనక్కి వెళ్లాలి అన్నది కింద వివరంగా రాస్తారు. సీ భాష అంతంతమాత్రంగా వచ్చినా అవి చదివితే విషయం అర్థమవుతుంది. 2.8 కోసం చేసిన పని నాకు బాగా నచ్చింది. అంతకుముందు 'చదవడం ముగిసింది' అని ఒకటే గుర్తు ఉండేది. అవతలివాళ్లు ముగించారా, మనమే ఆపేశామా అన్నది ఇప్పుడు విడివిడిగా ఉంటుంది. ఇలాంటి బగ్‌లు చాలావరకు ఆ రెండిటినీ కలిపేయడం వల్లే పుడతాయి.

నచ్చనివీ ఉన్నాయి. కొత్త సెట్టింగుల కోసం రీలోడ్ చేసినప్పుడు వెబ్‌సాకెట్లు (చాటింగ్ లాంటి వాటికి చాలాసేపు తెరిచే ఉండే కనెక్షన్లు) పట్టుకున్న పాత ప్రాసెస్ అలాగే ఉండిపోతుంది. రోజుకు నాలుగుసార్లు రీలోడ్ చేస్తే మెమరీ మీద భారం తెలుస్తుంది. పాత ప్రాసెస్‌ను బలవంతంగా ఆపే హార్డ్ స్టాప్ గడువు అరగంట పెట్టుకున్నాను, కానీ అది డిఫాల్ట్‌గానే ఉండాల్సింది. టైమౌట్లూ అంతే. పెట్టకపోతే మొదలయ్యేటప్పుడు ఒక హెచ్చరిక ఇచ్చి ఊరుకుంటుంది, కొత్తవాళ్లు దాన్ని దాటేస్తారు. ఇలా తెరిచే ఉండే కనెక్షన్లకు ఉద్దేశించిన టనెల్ టైమౌట్ విడిగా ఇవ్వకపోతే వెబ్‌సాకెట్లకూ మామూలు టైమౌట్లే వర్తిస్తాయి. మా చాట్ నిమిషానికోసారి తెగింది అందుకే. అక్కడ కూడా దారి చూపింది ఆ అక్షరాలే: చిన్న సీ, పక్కన డీ.