పదిహేనేళ్ల స్ప్లెండర్‌కు ఆర్‌సీ రెన్యువల్: బిగించి నెట్టుకురావడమా, సామాను మార్చడమా?

తిరుపతిలో ఏపీ 03 ప్లేటుతో తిరిగే పాత స్ప్లెండర్లలో చాలావాటికి పదిహేనేళ్లు నిండాయి, లేదా నిండబోతున్నాయి. సొంత బైకుకు ఆటోల మాదిరి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉండదు. రిజిస్ట్రేషనైన 15 ఏళ్లకు రెన్యువల్ దరఖాస్తు ఫారం 25 పెట్టి, బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు, అంటే రవాణా శాఖ వాహనాల ఇన్‌స్పెక్టరుకు, చూపించాలి. పాసైతే ఇంకో 5 ఏళ్లు. గడువుకు 60 రోజుల ముందు నుంచి అప్లై చేయొచ్చు. 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం పెట్టిన ఫీజు 1,000 రూపాయలు, ఆలస్యమైతే నెలకు 300 అదనం. ఇరవై ఏళ్లు దాటిన బైకుకు 2025లో ఫీజును 2,000 చేశారు. ఇంత కట్టాక సామానుకు చెయ్యి వెనకాడుతుంది. షెడ్డులో అడిగితే, ఉన్నదాన్నే బిగించి పంపొచ్చు, కొత్తది వేయనూవచ్చు అంటారు. ఎక్కడ ఏది మేలో చూద్దాం.

బ్రేకు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఒకరిని వెనక బ్రేకు పూర్తిగా తొక్కి పట్టమని, మీరు డ్రమ్ ప్లేటు దగ్గర కూర్చోండి. బ్రేక్ ఆర్మ్ దగ్గరున్న చిన్న బాణం గుర్తు ప్లేటు మీది గుర్తుకు చేరిందంటే లైనింగు, అంటే బ్రేకు షూల మీద అరిగే పొర, అయిపోయినట్టే. అప్పుడు కూడా కొందరు షూలు మార్చరు. ఆర్మ్‌ను క్యామ్ (షూలను విడదీసి డ్రమ్‌కు నొక్కే కడ్డీ) పళ్ల మీంచి ఊడదీసి, ఒక పన్ను జరిపి మళ్లీ వేస్తారు. నట్టు తిప్పడానికి చోటు దొరుకుతుంది, పెడల్ గట్టిగా తగులుతుంది, ఇన్‌స్పెక్టరు ముందు బండి ఆగుతుంది కూడా. కానీ లోపల క్యామ్ అప్పటికే దాదాపు అడ్డంగా తిరిగి ఉంటుంది. ఇంకాస్త అరిగితే అది దాటిపోయి, షూలు వెనక్కి రాక చక్రం పట్టేస్తుంది. కొండ దిగే పాత ఘాట్‌లో, వెనక ఇద్దరు కూర్చున్నప్పుడు అలా జరిగితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కొత్త షూలు వేసేటప్పుడు డ్రమ్ లోపల అచ్చువేసిన గరిష్ఠ కొలత దాటిందేమో చూసుకోండి. దాటితే షూలతో పని జరగదు, హబ్బే మార్చాలి. దుమ్మును గాలి కొట్టి ఊదకండి, తడిగుడ్డతో తుడవండి. క్యామ్‌కు గ్రీజు పలచగా చాలు, ఎక్కువైతే వేడికి కరిగి లైనింగు మీదికి వస్తుంది. పెడల్ ఆట, అంటే బ్రేకు పట్టేలోపు పెడల్ ఊరికే కదిలే దూరం, 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉంచండి. కొత్త షూ వెంటనే పట్టదు, డ్రమ్‌కు ఒరుసుకుని కుదరాలి. కాబట్టి ముందు రోజు సాయంత్రం కాదు, కనీసం వారం ముందే మార్చండి.

చైన్ సంగతి వేరు. వదులైతే లింకు తీయడం, లేదా చైన్, రెండు పళ్లచక్రాలు కలిపి మొత్తం కిట్ వేయడం. మన షెడ్లలో చైన్ సాకెట్ అంటారు చూడండి, అదే. తేల్చడం సులువు: కవరు తీసి, వెనక పళ్లచక్రం వెనకభాగంలో చైన్‌ను వేలితో బయటికి లాగండి. పన్ను సగం కనబడితే చైన్ సాగింది. పళ్లు కొక్కెంలా వంగితే చక్రాలూ పోయినట్టే. సాగిన చైన్‌కు లింకు తీస్తే పొట్టిది అవుతుందే కానీ లింకుల మధ్య దూరం తగ్గదు, నాలుగు రోజులకు మళ్లీ కటకట మొదలు. పాత చక్రాల మీద కొత్త చైన్ వేయడం అంతకన్నా దండుగ, వంగిన పళ్లు దాన్నీ తినేస్తాయి. పళ్లు బాగుండి, అడ్జస్టరు గీతలింకా మిగిలి ఉంటే మాత్రం బిగించుకుంటే చాలు. కింది వరసలో ఆట 25-30 మిల్లీమీటర్లు, రెండు వైపులా గీత ఒకే చోట. చైన్ కొసలను కలిపే క్లిప్ లాక్ తెరిచిన నోరు చైన్ తిరిగే దిశకు వెనక్కి ఉండాలి. చక్రం జరిగింది కాబట్టి వెనక బ్రేకు రాడ్‌నూ, బ్రేకు లైటు స్విచ్‌నూ మళ్లీ సరిచేయాలి. చాలామంది ఈ లైటు దగ్గరే దొరికిపోతారు.

పొల్యూషన్ పరీక్షకు వచ్చేసరికి నా ఓటు పాతదాన్నే శుభ్రం చేయడానికి. 2000 మార్చి తర్వాత తయారై, బీఎస్ 4 పొగ ప్రమాణాల కన్నా ముందు వచ్చిన ఫోర్‌స్ట్రోక్ బైకుకు ఐడిల్‌లో కార్బన్ మోనాక్సైడు 3.5 శాతం, హైడ్రోకార్బన్లు 4,500 పీపీఎం దాటకూడదు. దాటితే అక్కడికక్కడే, కార్బురేటర్‌లో గాలి-పెట్రోలు పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూ తిప్పి పాస్ చేయించడం ఒక దారి. పాసవుతుంది, కానీ గాలిలో కలిసే పెట్రోలు తగ్గిపోయి పొద్దున స్టార్టు కాదు, ఘాట్ ఎక్కుతుంటే ఇంజను మరీ వేడెక్కిపోతుంది. కొత్త కార్బురేటర్ కొనడం ఇంకో దారి, అదీ తొందరపాటే. ముందు ఎయిర్ ఫిల్టరు, పైలట్ జెట్టు (ఐడిల్‌లో పెట్రోలు వదిలే సన్న రంధ్రం), చోక్ పూర్తిగా వెనక్కి పోతోందా లేదా చూడండి. ప్లగ్గు పొడిపొడి మసితో ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. తడిగా జిడ్డుగా ఉంటే ఆయిలు కాలుతోంది, అంటే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్లో పోయాయి, కార్బురేటర్ ఎంత కడిగినా లాభం లేదు. పరీక్షకు చల్లటి ఇంజనుతో వెళ్లకండి. లీలామహల్ నుంచి అలిపిరి దాకా ఒక చుట్టు తిప్పి, వేడి మీదే పెట్టించండి.

సైలెన్సరుకు చిన్న చిల్లైతే వెల్డింగ్ చాలు. లోపల గలగలమంటే మార్చేయాలి. హెడ్‌లైటుకు ఎల్‌ఈడీ వేద్దామనుకునేవాళ్లు ఆగండి: పాత స్ప్లెండర్ హెడ్‌లైటు బ్యాటరీ మీద కాదు, నేరుగా మాగ్నెటో (ఇంజను తిరిగితే కరెంటు పుట్టించే భాగం) ఇచ్చే ఏసీ కరెంటు మీద నడుస్తుంది. బ్యాటరీ కరెంటుకు చేసిన డీసీ ఎల్‌ఈడీ అందులో మిణుకుమిణుకుమంటుంది. కంపెనీ ఇచ్చిన 35 వాట్ల బల్బే మేలు. టైరులో అరుగుదల గుర్తు పట్టీ రబ్బరుతో సమానమైతే టైరు మార్చాల్సిందే, అందులో రెండో మాట లేదు.

పెయింటు, సీటు కవరు, స్టిక్కర్లకు పైసా పెట్టకండి, ఛాసిస్ నంబరు చూసుకోండి. తనిఖీలో దాని మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారు. హ్యాండిల్ మెడ దగ్గర పదిహేనేళ్ల మడ్డి పేరుకుని అంకెలు కనబడవు. కిరసనాయిలో నానిన గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా తీయాలి. ఎమెరీ కాగితం, వైర్ బ్రష్ వద్దే వద్దు. అంకె చెరిగిందంటే, నంబరు మార్చారేమోనన్న అనుమానంతో ఫైలు అక్కడే ఆగిపోతుంది.