13 రోజులు, 9 షోలు: మా బ్యాండ్ మొదటి యూరప్ టూర్ లో ఎక్కడ బాగుంది, ఎక్కడ బాలేదు

ఊరి పేరు చూసి షో ఒప్పుకోకండి. రాత్రికి పడుకోడానికి ఏం ఇస్తారు, షో ముందు వేడి భోజనం పెడతారా, వ్యాన్ ని స్టేజ్ కి ఎంత దగ్గరదాకా తేవచ్చు, ఈ మూడూ అడిగి అప్పుడు ఒప్పుకోండి. కొలోన్, యూట్రెక్ట్, గ్రోనింగెన్, బ్రెమెన్, హాంబర్గ్, బెర్లిన్, లైప్జిగ్, ఫ్రైబుర్గ్, జూరిక్, ఈ వరసలో వాయించి వచ్చాం. మ్యాప్ మీద పెద్దగా కనబడే ఊళ్ళ కోసమే ఏడాది పాటు మెయిల్స్ పెట్టాం, తీరా మమ్మల్ని గుండెల్లో పెట్టుకుని చూసుకుంది మాత్రం బ్రెమెన్, ఫ్రైబుర్గ్.

మేం ఐదుగురం, నేను బేస్ గిటార్ వాయిస్తా. బయలుదేరకముందు పడ్డ తంటా ముందు చెప్తా, ఎందుకంటే డబ్బూ టైమూ ఎక్కువ పోయింది అక్కడే. షెంగెన్ వీసా జర్మనీ, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ ఈ మూడు దేశాలకీ ఒకటే సరిపోతుంది, ప్రతి క్లబ్ దగ్గరా ఇన్విటేషన్ లెటర్ తీసుకుని, ఫీజు తీసుకుని వాయించడానికే వస్తున్నామని దాచకుండా రాసి పెట్టాం. బ్రిటన్ కి వేరే వీసా కావాలి కాబట్టి లండన్ ఆలోచన మొదట్లోనే వదిలేశాం, అది మంచి పనే అయింది. వాయిద్యాలకి ఏటీఏ కార్నెట్ తీసుకున్నాం. అది సామానుకి పాస్‌పోర్ట్ లాంటిది, ప్రతి గిటార్, ప్రతి పెడల్, ప్రతి సింబల్ (డ్రమ్ సెట్ లోని లోహపు పళ్ళెం) సీరియల్ నంబర్ తో, విలువతో రాసివ్వాలి, ఏడాది పాటు పనికొస్తుంది, ఆ సామానంతా మళ్ళీ బయటికి తీసుకెళ్ళిపోతాం అనే హామీ మీద కస్టమ్స్ సుంకం లేకుండా లోపలికి రానిస్తారు. అమ్మడానికి తెచ్చే సరుకు మాత్రం కార్నెట్ లోకి రాదు. ఈ సంగతి తెలిశాక టీషర్టులు ఇక్కడినుంచి మోసుకెళ్ళడం మానేసి జర్మనీలోనే ప్రింట్ చేయించి నేరుగా కొలోన్ క్లబ్ అడ్రస్ కి పంపించేశాం, బరువూ తగ్గింది గొడవా తగ్గింది.

విమానంలో ఒక దెబ్బ తగిలింది. మా డ్రమ్మర్ 22 అంగుళాల రైడ్ సింబల్ ఉన్న బ్యాగ్ ని చేతిలోనే పట్టుకెళ్దాం అనుకున్నాడు. 22 అంగుళాలంటే 56 సెంటీమీటర్లు, మా టికెట్ మీద క్యాబిన్ బ్యాగ్ 55 దాటకూడదని ఉంది, గేట్ దగ్గర కొలిచి మరీ తీసేసుకున్నారు. అప్పటికప్పుడు రెండు జాకెట్లు చుట్టి కిందకి పంపాం, అదృష్టం బాగుండి పగలకుండా వచ్చింది. చెకిన్ లో వేసేదైతే గట్టి కేసే కొనండి, గుడ్డ సంచి వద్దు. ఇంకోటి, వైర్‌లెస్ ఇన్-ఇయర్ సెట్ (స్టేజ్ మీద మన సౌండ్ మనం వినడానికి చెవిలో పెట్టుకునేది) తీసుకెళ్ళేముందు దాని ఫ్రీక్వెన్సీ చూసుకోండి, యూరప్ లో లైసెన్స్ లేకుండా వాడుకోగలిగేది ముఖ్యంగా 863 నుంచి 865 మెగాహెర్ట్జ్, మాది అందులో లేదు, అందుకని వైర్ ఉన్నదే వాడాం.

ఫ్రాంక్‌ఫర్ట్ లో దిగాం, తొమ్మిది సీట్ల వ్యాన్ అద్దెకి తీసుకున్నాం. వెనక వరస సీట్లు తీసేయిస్తే ఆంప్ హెడ్స్ (స్పీకర్ లేని ఆంప్లిఫయర్లు), గిటార్లు, కీబోర్డ్, అందరి బ్యాగులూ పట్టేశాయి. డ్రమ్ కిట్, గిటార్ క్యాబినెట్లు, బేస్ క్యాబ్ (ఆంపులకి తగిలించే స్పీకర్ పెట్టెలు) మోసుకెళ్ళక్కర్లేదు, క్లబ్బుల్లో ఉంటాయి లేదా ఆ రోజు వాయించే లోకల్ బ్యాండ్ ఇస్తుంది. డ్రమ్మర్ తెచ్చుకోవాల్సింది స్నేర్, సింబల్స్, కిక్ పెడల్ మాత్రమే. స్టేజ్ ప్లాట్ (స్టేజ్ మీద ఎవరెక్కడ ఉంటారో చూపే బొమ్మ), ఇన్‌పుట్ లిస్ట్ (ఏ వాయిద్యానికి ఏ మైక్, ఏ లైన్ అనే జాబితా) ఒక్క పేజీలో చేసి నెల ముందే అందరికీ పంపాం, తొమ్మిది చోట్లా సౌండ్ ఇంజనీర్ ఆ కాగితం చేతిలో పట్టుకునే ఎదురొచ్చాడు, ఆ ఒక్క పని చాలా మేలు చేసింది. వ్యాన్ కంపెనీ పేరు చెప్పను గానీ తిరిగి ఇచ్చేటప్పుడు ముందునుంచే ఉన్న గీతకి మా డిపాజిట్ లోంచి కోత పెట్టారు. తీసుకునే రోజు ప్రయాణం బడలికలో వీడియో తియ్యలేదు. మీరు మాత్రం నాలుగు పక్కలా, కింద కూడా వీడియో తీసి అప్పుడే తాళం తీసుకోండి.

కొలోన్ లో మొదటి షో, మంగళవారం. గ్యారంటీ, అంటే జనం ఎంతమంది వచ్చినా ఇచ్చే ఫీజు, 400 యూరోలు. షో అయ్యాక ఆఫీస్ రూమ్ లో కూర్చోబెట్టి టికెట్లు ఎన్ని తెగాయో, ఖర్చెంతో కాగితం మీద చూపించి సంతకం పెట్టించుకుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చారు. నాకు భయం పన్ను గురించి, బయటి దేశం ఆర్టిస్టులకి జర్మనీలో ఫీజులోంచి 15 శాతం, దాని మీద ఇంకో సర్‌ఛార్జ్ పట్టుకుంటారని విని ఉన్నా. ఒక్కో ఆర్టిస్టుకి ఒక్కో షోకి 250 యూరోలు దాటకపోతే ఆ కోత ఉండదు, మాకు తలా 80 వచ్చింది కాబట్టి మొత్తం చేతికొచ్చింది. తర్వాత ఇంకో ఫారం ఇచ్చారు, ఆ రాత్రి వాయించిన పాటల పేర్లు, ఎవరు రాశారు, ఎన్ని నిమిషాలు అని. గెమా అనే సంస్థకి వెళ్తుందది, క్లబ్ కట్టే లైసెన్స్ డబ్బు పాట రాసినవాళ్ళకి చేరాలంటే ఆ లిస్టే ఆధారం. మన పాటలు మన రాయల్టీ సొసైటీలో రిజిస్టర్ చేసి ఉంటే ఎప్పటికైనా మనదాకా వస్తుంది, కాబట్టి నిద్రమొహంతో ఉన్నా సరే ఆ ఫారం పూర్తిగా నింపండి.

యూట్రెక్ట్ లో సౌండ్ బ్రహ్మాండం, జనం కూడా శ్రద్ధగా విన్నారు, కాకపోతే మర్చ్ టేబుల్ (టీషర్టులు అమ్మే బల్ల) దగ్గర దెబ్బతిన్నాం. నెదర్లాండ్స్ లో జేబులో నోట్లు పెట్టుకుని వచ్చేవాళ్ళు తక్కువ, అంతా కార్డే. మా దగ్గర కార్డ్ మెషిన్ లేదు. టీషర్ట్ చేతిలో పట్టుకుని, కార్డ్ తీసుకోరా అని అడిగి, మళ్ళీ మడతపెట్టి పెట్టేసి వెళ్ళిపోయినవాళ్ళని చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. గ్రోనింగెన్ కి వెళ్ళేసరికి ఎలాగో ఒక చిన్న రీడర్ సంపాదించాం, అక్కడొక్క రాత్రి అమ్మింది మొదటి రెండు షోల కన్నా ఎక్కువ. జర్మనీలో మళ్ళీ చాలామంది నోట్లే తీశారు, కాబట్టి రెండూ పెట్టుకోవాలి, చిల్లర కూడా.

మధ్యలో ఒక రోజు ఖాళీ, ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి పారడిసోలో ఒక షో చూశాం. ఒకప్పుడు చర్చి అది, 1968 నుంచి సంగీతానికి వాడుతున్నారు, స్టేజ్ వెనకాల రంగు అద్దాల కిటికీలు అలాగే ఉన్నాయి, పైన రెండు వరసల బాల్కనీ. మా సింగర్ షో అంతా స్టేజ్ వైపు కన్నా ఆ కిటికీల వైపే ఎక్కువ చూసింది. అయితే ఆమ్‌స్టర్‌డామ్ లో వ్యాన్ పార్కింగ్ కి, రూమ్ కి అయిన ఖర్చు మొత్తం టూర్ లోనే ఎక్కువ. యూట్రెక్ట్ లోనే ఉండిపోయి రైల్లో వెళ్ళి రావాల్సింది, అరగంట కూడా పట్టదు.

ఇక బ్రెమెన్. ఊరి నడిమధ్యన కాదు, ఊరి చివర ఒక పాత బిల్డింగ్, కింద హాలు, మధ్యలో వంటగది, పైన బ్యాండ్ రూమ్. బంక్ బెడ్లు ఆరు, ఉతికిన దుప్పట్లు, తువ్వాళ్ళు, తలుపు మీద వైఫై పాస్‌వర్డ్. నాలుగింటికి చేరితే ఇద్దరు వాలంటీర్లు పరిగెత్తుకొచ్చి ఆంపులు పట్టుకున్నారు, వ్యాన్ తలుపు నుంచి స్టేజ్ కి పది అడుగులు. సౌండ్‌చెక్ అయ్యాక పెద్ద గిన్నెలో పప్పుతో కూరగాయలు వేసి వండిన సూపు, బ్రెడ్, సలాడ్ పెట్టి, క్లబ్ వాళ్ళు, లోకల్ బ్యాండ్, మేము అందరం ఒకే బల్ల దగ్గర కూర్చుని తిన్నాం. టికెట్ కొట్టేవాడూ అక్కడే, వండినామె కూడా అక్కడే. ఇలాంటి సెంటర్లకి చాలా చోట్ల ఊరి మున్సిపాలిటీ నిధులిస్తుంది, మిగతా పని సంగీతం మీద ఇష్టంతో జనం జీతం లేకుండా చేస్తారు, అందుకే అక్కడ ఎవరూ మనల్ని గడియారం చూసుకుంటూ పంపించెయ్యరు. శనివారం, హాలు నిండా జనం, ఎవరికీ మా భాష రాదు, మూడో పాట కోరస్ కి మాత్రం అందరూ గొంతు కలిపారు. నాకు వాయిస్తూ వాయిస్తూ కళ్ళు చెమ్మగిల్లాయి. ఫీజు 350 యూరోలే, టూర్ లో తక్కువ ఇచ్చినవాళ్ళలో వీళ్ళొకరు, అయినా రూమ్, భోజనం, పొద్దున టిఫిన్, పార్కింగ్ అన్నీ కలిపి లెక్కేస్తే మాకు అందరికంటే ఎక్కువ మిగిల్చింది ఇదే.

హాంబర్గ్ బ్రెమెన్ నుంచి గంటన్నర లోపే. ఆదివారం, జర్మనీలో షాపులు మూసేస్తారని తెలుసు గానీ తెలిసినా ఉపయోగం లేకపోయింది, నా బేస్ తీగ ఒకటి తెగింది, స్పేర్ సెట్ లేదు, లోకల్ బ్యాండ్ వాళ్ళ బేసిస్ట్ తన సెట్ లోంచి తీగ తీసిచ్చాడు. సాయంత్రం ముందు రీపర్‌బాన్ పక్కన గ్రోసె ఫ్రైహైట్ వీధికి నడిచాం, 1960 ఆగస్టులో బీటిల్స్ మొదటిసారి బయటి దేశంలో వాయించిన ఇంద్రా క్లబ్ ఆ వీధిలోనిదే. వాళ్ళకి అప్పుడు ఇచ్చిన బస ఒక సినిమా హాలు వెనక కిటికీలు లేని స్టోర్ గది. అదే ఏడాది నవంబర్ లో వాళ్ళ గిటారిస్ట్ జార్జ్ హారిసన్ కి 18 నిండలేదని దేశం నుంచి పంపించేశారు. ఆ వీధిలో నిలబడి మా వీసా కాగితాల ఫైలు, ముందు రాత్రి ఉతికిన దుప్పట్లు గుర్తొచ్చి మేమెంత నయమో అనుకున్నాం.

బెర్లిన్ గురించి నిజం చెప్పాలి. అక్కడి క్రాయిట్స్‌బర్గ్ పేటలో షో అంటే మాలో ప్రతి ఒక్కరికీ కల. సోమవారం, అదే రాత్రి ఊళ్ళో ఇంకెన్నో షోలు, మాకు వచ్చింది 19 మంది. రూమ్ ఇవ్వరు, భోజనానికి బదులు తలా 15 యూరోలు బయౌట్ చేతిలో పెట్టారు, సౌండ్‌చెక్ 20 నిమిషాలు. వాళ్ళ తప్పు కాదది, ఆ ఊళ్ళో రోజూ ఎవరో ఒకరు వాయించడానికి వస్తూనే ఉంటారు. మేం బుక్ చేసుకున్న హాస్టల్ నాలుగో అంతస్తు, లిఫ్ట్ పనిచెయ్యట్లేదు, వ్యాన్ లో సామాను వదలకూడదు కాబట్టి అర్ధరాత్రి ఒంటిగంటకి గిటార్లు, ఆంప్ హెడ్స్ మెట్లమీద మోశాం, పొద్దున మళ్ళీ దింపాం. ఆ 19 మందిలో ఇద్దరు మర్నాడు లైప్జిగ్ షోకి కూడా వచ్చారు, అది మాత్రం మర్చిపోలేను. లైప్జిగ్ బాగా జరిగింది, 70 మంది దాకా వచ్చారు, బస ఒక వాలంటీర్ ఇంట్లో నేల మీద పరుపులు, ఇబ్బందేం లేదు.

లైప్జిగ్ నుంచి ఫ్రైబుర్గ్ 600 కిలోమీటర్ల పైనే. షో రోజు అంత దూరం పెట్టుకోకండి, ఆటోబాన్ లో స్పీడ్ లిమిట్ లేని చోట్లు ఉన్నా రోడ్డు రిపేర్ల దగ్గర, ట్రాఫిక్ లో ఆగిపోతాం. సౌండ్‌చెక్ పోయింది, గేట్లు తీసే టైమ్ కి చేరాం. ఎవరూ ఒక్క మాట అనలేదు, వేడి పాస్తా ప్లేట్లలో పెట్టి ముందు తినండి తర్వాత చూద్దాం అన్నారు, షో అరగంట వెనక్కి జరిపి జనానికి మైక్ లో వాళ్ళే చెప్పారు. మా టీషర్ట్ పెట్టెలు కూడా వాళ్ళ దగ్గరే దాచారు, ఎందుకంటే మర్నాడు స్విట్జర్లాండ్.

స్విట్జర్లాండ్ షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే దేశాల గుంపు) లో ఉంది, యూరోపియన్ యూనియన్ లో లేదు. అంటే మనుషుల్ని ఆపకపోయినా గిటార్లకి బాసెల్ దగ్గర కస్టమ్స్ లో కార్నెట్ స్టాంపులు పడాలి, బయటికొచ్చేటప్పుడు మళ్ళీ. అమ్మే టీషర్టులు తీసుకెళ్తే డిక్లేర్ చేసి పన్ను లెక్క తేల్చాలి, ఒక్క షో కోసం ఎందుకని వదిలేశాం. హైవే కోసం 40 ఫ్రాంకుల విన్యెట్ (టోల్ పాస్ లాంటిది) కొనాలి, ఒక్క రోజు వెళ్ళినా ఏడాదిదే.

జూరిక్ క్లబ్ లో మా పవర్ స్ట్రిప్ గోడకి పట్టలేదు. జర్మన్ ప్లగ్ లావుగా గుండ్రంగా ఉంటుంది, స్విస్ సాకెట్ మూడు రంధ్రాలది, వోల్టేజ్ 230 ఒకటే అయినా అడాప్టర్ కావాలి, వాళ్ళు ఇచ్చారు. అసలు విషయం సౌండ్. అక్కడ గంట సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని చట్టం, ఇంజనీర్ పక్కన స్క్రీన్ మీద నంబర్ కనబడుతూ ఉంటుంది, గేట్ దగ్గర జనానికి ఇయర్ ప్లగ్స్ ఉచితంగా పెట్టారు. సౌండ్‌చెక్ లో గిటార్ ఆంప్ తగ్గించమన్నాడు, ఇంకా తగ్గించమన్నాడు, మా గిటారిస్ట్ కి కోపమొచ్చింది. తర్వాత రికార్డింగ్ వింటే తొమ్మిది షోల్లో గొంతు ప్రతి మాటా తెలిసింది ఇక్కడే, నా బేస్ నాకే మొదటిసారి అంత తేటగా వినబడింది. ఇప్పుడు ప్రాక్టీస్ లో కూడా ఆంప్ అంతే పెడుతున్నాం. బస క్లబ్ వాళ్ళదే, చిన్న గదులు, చాలా శుభ్రం.

తిరుగుదారిలో ఫ్రైబుర్గ్ లో పెట్టెలు తీసుకుని ఫ్రాంక్‌ఫర్ట్. విమానాశ్రయంలో బ్యాగులు చెకిన్ చెయ్యకముందే కార్నెట్ మీద ఎగ్జిట్ స్టాంప్ వేయించుకోవాలి, సామాను ఒకసారి లోపలికి వెళ్ళిపోతే చూపించడానికి ఏమీ ఉండదు. అందుకని నాలుగు గంటల ముందే వెళ్ళాం. కస్టమ్స్ ఆయన లిస్ట్ తీసి స్నేర్, సింబల్స్ తెరిపించి నంబర్లు ఒక్కొక్కటే సరిచూసి, హాంబర్గ్ లో వేసిన ఆ వేరే రంగు తీగ చూసి నా వైపు చూశాడు. తెగింది, ఒకాయన ఇచ్చాడు అన్నా. నవ్వి స్టాంప్ కొట్టాడు. గేట్ దగ్గర కూర్చుని మా సింగర్ బ్రెమెన్ కి, ఫ్రైబుర్గ్ కి మెయిల్ టైప్ చేసింది, వచ్చే ఏడాది ఏ శనివారాలు ఖాళీగా ఉన్నాయని.